నాతిచరామి: ఇందులో ‘నాతి’ లేదు

ఈమధ్య మా అన్నయ్య కూతురి పెళ్లి జరిగింది. అబ్బాయి వాళ్లది వేరే దేశం, వేరే మతం. వచ్చిన చుట్టాల్లో సగంమందికి తెలుగే రాదు, ఇక సంస్కృతం సంగతి చెప్పక్కర్లేదు. అందుకని మంత్రాల అర్థాలు ఇంగ్లీషులో రాసి ఒక చిన్న పుస్తకం వేయిద్దామనుకున్నాం. మా మేనల్లుడు కష్టపడి రాసి, పెళ్లికి నాలుగు రోజుల ముందు నాకు పంపాడు. అందులో ‘నాతిచరామి’ పక్కన ‘ఈ స్త్రీతో కలిసి నడుస్తాను’ అని ఉంది.

వాడిని తప్పు పట్టలేను. నాతి అంటే స్త్రీ అని మనకు తెలుసు. చరించడమంటే నడవడం. రెండూ కలిస్తే అర్థం ఎంత బాగా కుదిరిందో చూడండి! పెళ్లికి తగినట్టే ఉంది కూడా. ఇదే అర్థం చెప్పిన పెద్దవాళ్లను కూడా చూశాను, అందుకే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

నాతి తెలుగు మాట. సంస్కృత వాక్యం మధ్యలోకి అది రాదు. ఇక్కడున్నది న + అతిచరామి, సవర్ణదీర్ఘ సంధి. న + అస్తి కలిసి నాస్తి అయినట్టే. చరామి అంటే నడుస్తాను. దాని ముందు ‘అతి’ చేరితే దాటిపోవడం, మీరిపోవడం. పంచాంగంలో ‘గురువు అతిచారం’ అని చూసే ఉంటారు. గ్రహం తన మామూలు నడకను మించి ముందుకు పోవడాన్ని అలా అంటారు. కాబట్టి నాతిచరామి అంటే ‘దాటిపోను’.

ఎవరిని? అది తెలియాలంటే దానికి ముందున్న మాట వినాలి. ఆడపిల్ల తండ్రి పెళ్లికొడుకుతో ‘ధర్మే చ అర్థే చ కామే చ త్వయైషా నాతిచరితవ్యా’ అంటాడు. త్వయా అంటే నీ చేత, ఏషా అంటే ఈమె. ధర్మంలోనూ, అర్థంలోనూ, కామంలోనూ నువ్వు ఈమెను దాటి పోకూడదు. ‘ఈమె’ అన్న మాట అక్కడే ఉంది కదా, ఇక మళ్లీ ‘నాతి’ ఎందుకు? అబ్బాయి చెప్పేది దానికి జవాబు. ఆ ఒక్క మాటనే చీల్చి చూస్తే అర్థం తప్పిపోతుంది.

‘దాటను’ అని తేల్చుకున్నాక కూడా నాకు తృప్తి కలగలేదు. దాటడం గోడనూ ఏటినీ కూడా దాటతాం. మనిషిని దాటకపోవడమంటే ఏమిటి? రెండు రోజులు అదే ఆలోచన. చివరికి వంట చేస్తుంటే మా అమ్మ మాట ఒకటి గుర్తొచ్చింది, ‘ఆయన మాట జవదాటేదాన్ని కాదు’ అని. అదీ! జవదాటను. అతిచరించడానికి ఇంతకంటే దగ్గరి మాట తెలుగులో ఉందనుకోను. కాకపోతే మనం దాన్ని ఎప్పుడూ భార్య నోటే విన్నాం. ఇక్కడ మొగుడు కాబోయేవాడు అంటున్నాడు. డబ్బు విషయమైనా, కోరిక విషయమైనా ఆమెను పక్కన పెట్టి, ఆమెను మీరి పోను అని. కలిసి నడుస్తానన్నదానికంటే ఇది చాలా బరువైన మాట.

పుస్తకంలో ఆ వాక్యాన్ని ‘ఈ మూడింటిలోనూ ఈమెను మీరి వెళ్లను’ అన్న అర్థం వచ్చేలా మార్పించాను. శుభలేఖ మీద ‘మోక్షే చ’ కూడా అచ్చయింది. చాలామంది నాలుగూ కలిపే అంటారు. మా పురోహితులు మాత్రం మూడే చెప్పారు, పుస్తకంలోనూ మూడే ఉంచాం.

పెళ్లిరోజు నన్ను అబ్బాయి వాళ్లమ్మ పక్కన కూర్చోబెట్టారు. ఆవిడ పుస్తకం చూసుకుంటూ, ‘మా చర్చిలో ఇద్దరూ ప్రమాణం చేస్తారు, ఇక్కడ మా వాడొక్కడే చెప్పాడు, అమ్మాయి ఏం చెబుతుంది?’ అని అడిగారు. ఏమనాలో నాకు వెంటనే తోచలేదు. నిజమే, ఆ చోట అమ్మాయి ఏమీ అనదు.

సప్తపది వచ్చాక ఆవిడకు ఇంకో మంత్రం చూపించాను. ఏడో అడుగు తర్వాత వచ్చేది: ‘సఖా సప్తపదా భవ’. ఏడడుగులతో నాకు స్నేహితురాలివి కా. ఆ తర్వాత ‘సఖ్యాత్తే మా యోషం, సఖ్యాన్మే మా యోష్ఠాః’. ఈ ‘మా’ కూడా తెలుగు ‘మా’ కాదు, ‘వద్దు’ అని చెప్పే సంస్కృత పదం. నీ స్నేహం నుంచి నేను విడిపోకూడదు, నా స్నేహం నుంచి నువ్వు విడిపోకూడదు. చదివేది అబ్బాయే. అయినా తే, మే రెండూ ఉన్నాయి, నీది ముందు, నాది తర్వాత. ఆవిడ ఆ రెండు వాక్యాలూ తన పుస్తకంలో పెన్నుతో గీత గీసుకున్నారు.

మీలో ఎవరైనా వేరే భాషవాళ్లకు ‘నాతిచరామి’ చెప్పాల్సి వచ్చిందా? తెలుగులో ‘జవదాటను’ కంటే మంచి మాట తడితే రాయండి. మా ఇంట్లో ఇంకో పెళ్లి ఉంది, ఆ పుస్తకంలో వాడుకుంటాను.

తాజాకలం: కింద వ్యాఖ్యల్లో ఒకరు ‘చరామి వర్తమానం కదా, దాటను అని భవిష్యత్తు ఎలా అవుతుంది?’ అని అడిగారు. ‘నేను మాంసం తినను’ అనండి. ఇవాళ తిననా, రేపు తిననా? రెండూ. మన వ్యతిరేక క్రియలో ఆ రెండూ ఇమిడిపోతాయి, అందుకే ‘దాటను’ ఇక్కడ అంత బాగా అతుకుతుంది. ఇంగ్లీషులో మాత్రం ఏదో ఒకటి ఎంచుకోక తప్పలేదు.