ఖైదీ సొంతంగా సివిల్ కేసు వేస్తే కోర్టు లాయర్ని ఇప్పించాలా?

శేషు:
అమెరికా ఫెడరల్ కోర్టుల్లో ఖైదీలు లాయర్ లేకుండా వేసుకున్న సివిల్ కేసుల ఫైళ్లు చదవడం ఆరేళ్లుగా నా పని. వైద్యం చేయించలేదనో, గార్డులు కొట్టారనో సెక్షన్ 1983 (రాజ్యాంగ హక్కుల్ని కాలరాసిన రాష్ట్ర, స్థానిక అధికారుల మీద దావా వేసే వీలిచ్చే ఫెడరల్ చట్టం) కింద వేసినవే ఎక్కువ. వాటితో పాటు "నాకు లాయర్ని ఇప్పించండి" అని ఒక దరఖాస్తు ఉంటుంది. నేను చూసినవాటిలో చాలావరకు కొట్టేశారు.

క్రిమినల్ కేసయితే 1963 గిడియన్ తీర్పు పుణ్యమా అని పేదవాడికి లాయర్ని ఇవ్వాల్సిందే. సివిల్‌లో ఆ హక్కు లేదు. జడ్జి ఒక లాయర్ని "అడగవచ్చు" అని మాత్రమే చట్టంలో ఉంది. అడగడమే తప్ప ఆ సెక్షన్ కింద బలవంతం చేయడానికి లేదని 1989లో మాలార్డ్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెప్పింది.

ఒక ఫైలు మనసులోంచి పోవడం లేదు. మొదటి మూడు దరఖాస్తులూ ముత్యాల్లాంటి అక్షరాలతో, పాత తీర్పుల నంబర్లతో సహా ఉన్నాయి. "ఇతను తన వాదన తానే చెప్పుకోగలడు, లాయర్ అక్కర్లేదు" అని ఆర్డర్ వచ్చింది. నాలుగోది వేరే చేతిరాత. గీతలు దాటిన పెద్ద పెద్ద అక్షరాలు, మూడే వాక్యాలు. ఇప్పటిదాకా రాసిపెట్టినాయన్ని వేరే జైలుకి మార్చేశారట, ఇతనికి చదవడం సరిగా రాదట.

బాగా రాస్తే లాయర్ ఎందుకంటారు, రాయలేకపోతే కేసులో పస లేదంటారు. పస లేనివాటిని మొదట్లోనే కొట్టేసే కోర్టు వడపోత దాటిన కేసులో డాక్టర్ సాక్ష్యం కావాల్సి వస్తే లాయర్ని ఇచ్చి తీరాలి. మీరేమంటారు?

మధు, డాలస్:
శేషు గారూ, నేను ఒప్పుకోను. అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చిన తల్లికి చాలా చోట్ల లాయర్ లేడు. పిల్లల మీద హక్కే పోయే కేసులో కూడా ప్రతిసారీ లాయర్ని ఇవ్వక్కర్లేదని 1981లో లాసిటర్ తీర్పు చెప్పింది. ఏ నేరమూ చేయనివాళ్లే క్యూలో నిలబడి ఉంటే ఖైదీని ముందుకు పంపడం ఏం న్యాయం? పైగా పస లేని కేసులు కుప్పలుగా వస్తున్నాయనే కదా 1996లో అమెరికా కాంగ్రెస్ చట్టం తెచ్చి ఖైదీల కేసుల్ని కట్టడి చేసింది.

శేషు:
మధు గారూ, ఆ తల్లికీ ఇవ్వాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆమె బస్సెక్కి లీగల్ ఎయిడ్ ఆఫీసుకి వెళ్లగలదు. ఖైదీకి ఆ తలుపు కూడా మూసేశారు. ఫెడరల్ నిధులతో నడిచే లీగల్ ఎయిడ్ సంస్థలు జైల్లో ఉన్నవాళ్ల తరఫున సివిల్ కేసులు వాదించకూడదని 1996 నుంచి నిషేధం ఉంది. కేసు వేయడానికి కట్టే కోర్టు ఫీజు కూడా పూర్తిగా మాఫీ కాదు. 350 డాలర్లూ అతని ఖాతాలో నెలనెలా పడే దాంట్లోంచి 20 శాతం చొప్పున కోసుకుంటారు. జైలు పనికి గంటకి సెంట్లలో కూలి వచ్చే మనిషికి అది సరదాకి పెట్టే ఖర్చా?

సుధ:
నేను లాయర్ని. ఇలాంటి కేసు ఒకటి ఉచితంగా తీసుకున్నాను, మళ్లీ తీసుకోవాలంటే భయంగా ఉంది. క్లయింట్‌తో ఇరవై నిమిషాలు ఫోన్లో మాట్లాడాలంటే వారం ముందు అడగాలి. ఎక్స్‌పర్ట్ డాక్టర్ ఫీజు చేతి నుంచి పెట్టుకున్నా.

గెలిచినా అంతే. 1996 చట్టం ప్రకారం డబ్బు పరిహారం వచ్చిన కేసులో ఎదుటి పక్షం ఇచ్చే లాయర్ ఫీజు ఆ పరిహారానికి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. 2006లో సెవెంత్ సర్క్యూట్ (ఫెడరల్ అప్పీల్ కోర్టు) తీర్పిచ్చిన పియర్సన్ కేసులో ఖైదీకి వచ్చింది 1 డాలర్, ఫీజు 1.50 డాలర్లు. ముందు ఆ పరిమితి ఎత్తేయండి, లాయర్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. షికాగో ఫెడరల్ కోర్టులో ట్రయల్ బార్ (అక్కడ ట్రయల్స్ వాదించడానికి అర్హత పొందిన లాయర్ల జాబితా) సభ్యులు ఇలాంటి కేసులు తీసుకోవాలన్న నియమం ఉంది. నాకది నచ్చింది, కానీ అన్ని జిల్లాల్లోనూ అంతమంది లాయర్లు ఉండరు.

ప్యానెల్ వకీలు, కాకినాడ:
అమెరికా సంగతి నాకంతగా తెలియదు. మన దగ్గర 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 కింద కస్టడీలో ఉన్న మనిషికి ఉచిత న్యాయ సహాయం హక్కు. సివిలా క్రిమినలా అన్న తేడా లేదు, ఆదాయ పరిమితీ అడ్డురాదు. కాగితం మీద మనమే నయం.

అయితే జైలుకి వెళ్తే నన్ను అడిగేది బెయిల్ గురించే. సివిల్‌లో కూడా లాయర్ని అడగొచ్చని వాళ్లకి చెప్పేవాళ్లు లేరు. ఒకసారి ఒకతను మడతలు పడిన సమన్లు చేతిలో పెట్టి "మేడం, ఇదేంటో చూడండి" అన్నాడు. అన్న వేసిన పొలం పంపకాల దావా. వాయిదా దాటి రెండు నెలలైంది, అతను రాలేదని ఎక్స్‌పార్టీ చేసేశారు. జైలు సూపరింటెండెంట్ ముందు వకాలత్ మీద సంతకం పెట్టించుకుని, ఆ ఆర్డర్ రద్దు చేయమని పిటిషన్ వేశాను. ఎకరం ముప్పావు దక్కింది. ఆ రోజు నేను వెళ్లకపోతే ఆ చట్టం ఉండీ ఏం లాభం?

మధు, డాలస్:
లీగల్ ఎయిడ్ నిషేధం సంగతి నాకు తెలియదు, అది తప్పే. అందరికీ ఇవ్వాలన్న దానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను, జడ్జి చూసి తేల్చాలి. శేషు గారూ, ఆ నాలుగో దరఖాస్తు ఏమైంది?

శేషు:
జడ్జి ఒక లాయర్ని అడిగారు, ఆమె సరేనన్నారు. ముందుగా జైలు వైద్య రికార్డులు తెప్పించారు. అతను ఏడాదిన్నర అడిగితే పద్నాలుగు పేజీలు ఇచ్చారు. ఆమె నోటీసుకి రెండు అట్టపెట్టెలు వచ్చాయి.