టెలిగ్రామ్ బాట్‌కి ఏఐఓగ్రామ్-డైలాగ్ వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? (జీడిపిక్కల ధరల బాట్)

పలాస_జీడిపిక్క
అందరికీ నమస్తే. ఉద్దానం జీడిరైతుల కోసం టెలిగ్రామ్ బాట్ ఒకటి రాస్తున్నాను. 80 కిలోల పిక్కల బస్తా ఏ ఊళ్లో ఎంత పలుకుతోందో చూపిస్తుంది. అమ్మినవాళ్లు తమకొచ్చిన ధర కూడా ఎక్కించొచ్చు. మా వైపు వర్తకుడు చెప్పిందే ధర అనుకుని ఇచ్చేస్తున్నారు. పక్క ఊళ్లో ఎంతిచ్చారో తెలిసేసరికి సరుకు బండెక్కిపోతోంది. అందుకే ఈ పని పట్టుకున్నాను.

ఇప్పటిదాకా ఏఐఓగ్రామ్‌లో (టెలిగ్రామ్ బాట్లు రాసే పైథాన్ లైబ్రరీ) మామూలు హ్యాండ్లర్లే, అంటే ఒక్కో నొక్కుకి ఒక్కో ఫంక్షన్, రాసుకుంటూ వచ్చాను. మండలం, ఊరు, ధర, మళ్లీ వెనక్కి. ఇప్పుడు ఒక్క బటన్ జరపాలన్నా నాలుగు ఫంక్షన్లు తడుముకోవాలి. దాని మీద కట్టిన ఏఐఓగ్రామ్-డైలాగ్ డిక్లరేటివ్ అంటున్నారు, అందులో అయితే స్క్రీన్ ఎలా ఉండాలో రాసిస్తే చాలట, కొత్త మెసేజ్ పంపాలా, పాతదాన్నే ఎడిట్ చేయాలా అన్నది అదే చూసుకుంటుందట. దానికి మారితే పని తేలికవుతుందా? తెలుగు బటన్లతో ఏమైనా ఇబ్బందులున్నాయా? కరెంటు నిలకడలేని ఊళ్లో బాట్‌ని ఎక్కడ నడపాలి?

రాజాం_కుర్రోడు
మారిపోండన్నా, ఇంకేం ఆలోచించకండి. మా చిన్నాన్న గోనెసంచుల కొట్టుకి ఆర్డర్లు తీసుకునే బాట్ దీంతోనే చేశాను. విండో అంటే ఒక స్క్రీన్. అందులో మారని మాటకి కాన్స్ట్, ధర లాంటి మారే మాటకి ఫార్మాట్, కింద బటన్లు, చివర్లో అది ఏ స్టేట్‌కి (వాడేవాళ్లు ఏ దశలో ఉన్నారో దానికి) చెందిన విండోనో. వెనక్కి వెళ్లడానికి బ్యాక్ అని ఒక్క లైను. డేటా తెచ్చే పని గెట్టర్ అనే ఫంక్షన్‌ది.

నాకు బాగా నచ్చింది ప్రివ్యూ. బాట్ నడపకుండానే విండోలన్నీ ఒక హెచ్‌టీఎంఎల్ పేజీలో పరిచి చూపిస్తుంది. చిన్నాన్నకి కోడ్ తెలీదు. ఆ పేజీ చూసి, "ఏ సైజో అడక్కుండా ఎన్ని కావాలని ముందే అడిగితే ఆడు ఏటి చెప్తాడ్రా?" అన్నాడు. విండోల వరుస అటూ ఇటూ మార్చాను, అయిపోయింది. అదే హ్యాండ్లర్లతో రాసుంటే ఆ ఒక్క మాటకి ఆదివారమంతా పోయేది.

నాగావళి_ఒడ్డు
ప్రివ్యూ సంగతి సరే, రీస్టార్ట్ సంగతి కూడా చెప్పండి తమ్ముడూ. మా అపార్ట్‌మెంట్ వాళ్లకి వాటర్ ట్యాంకర్ బుక్ చేసుకునే బాట్ ఉంది. మొదట రాసిచ్చినతను మెమరీస్టోరేజ్‌తో, అంటే అంతా ప్రాసెస్ మెమరీలోనే దాచేలా, వదిలేశాడు. ప్రాసెస్ ఆగి మళ్లీ లేస్తే ఎవరు ఏ విండోలో ఉన్నారో దానికి గుర్తుండదు. జనం ఫోన్లలో పాత మెసేజ్ అలాగే ఉంటుంది, దాని బటన్లూ ఉంటాయి. నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. లాగ్‌లో మాత్రం అన్‌నోన్ ఇంటెంట్ (ఆ బటన్ ఏ డైలాగ్‌దో తెలీదు) అని వరసగా పడుతుంది. మండు వేసవిలో నీళ్లు బుక్కయ్యాయనుకుని కూర్చున్నవాళ్లు నా మీద పడ్డారు.

రెడిస్ పెట్టండి, బాట్‌కి బయట డేటా దాచే డేటాబేస్ అది. పెట్టినా ఏఐఓగ్రామ్ ఇచ్చే కీ బిల్డర్ (అందులో దాచేవాటికి పేర్లు కట్టేది) ఉన్నదున్నట్టు దీనికి పనికిరాదు. డిఫాల్ట్ కీ బిల్డర్‌కి విత్_డెస్టినీ ట్రూ అని ఇవ్వాలి. దాంతోపాటు అన్‌నోన్ ఇంటెంట్‌కి ఒక ఎర్రర్ హ్యాండ్లర్ రాసి, స్టాక్ (తెరిచి ఉన్న డైలాగ్‌ల దొంతర) రీసెట్ చేసి, మొదటి విండో మళ్లీ పంపించండి. ఈ రెండూ లేకుండా జనానికి బాట్ ఇవ్వకండి.

గజపతినగరం_మాష్టారు
ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాష పాఠం చెప్పి చెప్పి రిటైరైనవాణ్ణి, అందుకే ఒక మాట. డిక్లరేటివ్ అంటే ఏది కావాలో చెప్పడం, దాన్ని సాధించే దారి యంత్రానికి వదిలేయడం. 1972లో ఫ్రాన్స్‌లోని మార్సేలో కోల్మెరాయర్ బృందం ప్రోలాగ్ తెచ్చింది అందుకే. 1974లో ఐబీఎంలో చాంబర్లిన్, బాయ్స్ సీక్వెల్ రాశారు, డేటాబేస్‌ని అడగడానికి ఇవాళ మీరు వాడే ఎస్‌క్యూఎల్ అదే. మీ లైబ్రరీలో ప్రతి బటన్‌కీ ఆన్_క్లిక్ అని ఒక ఫంక్షన్ తగిలిస్తున్నారు. లోపల మళ్లీ ఇఫ్, ఎల్స్‌లే. పైన మెనూ వర్ణన, కింద పాత పద్ధతి. పేరు చూసి మోసపోవద్దు.

రాజాం_కుర్రోడు
మాష్టారూ, మీ పాండిత్యానికి దణ్ణం. కానీ ఇక్కడ ఒక మనిషి జీడిరైతులకి ధరలు చూపించడం ఎలా అని అడుగుతున్నాడు. పై సగం వర్ణన అయినా చాలు, మాకు ఆ సగంలోనే తప్పులన్నీ దొర్లేది. నా బాట్‌లో స్విచ్‌టూ, నెక్స్ట్, బ్యాక్ అనే రెడీమేడ్ బటన్లతోనే పని నడిచిపోయింది. ఆన్_క్లిక్ అవసరమైంది ఆర్డర్ సేవ్ చేసే చోట ఒక్కటే. మీరు వాడి చూశారా, చదివి చెబుతున్నారా?

గజపతినగరం_మాష్టారు
వాడాను. మా వీధి గ్రంథాలయానికి పుస్తకాల బాట్ దీంతోనే రాశాను. వాడాను కాబట్టే చెబుతున్నాను బాబూ. వెన్ అని షరతు పెట్టుకునే సౌకర్యం ఉంది చూడండి, ఫలానా డేటా ఉంటేనే ఈ బటన్ కనబడాలని. అది అసలైన డిక్లరేటివ్ గుణం. దాన్ని వాడేవాళ్లు తక్కువ, అందరూ ఆన్_క్లిక్‌లోకే దూరిపోతున్నారు. నా బాధ అది.

పలాస_జీడిపిక్క
మాష్టారూ, వెన్ సంగతి మంచి మాట, రాసుకున్నాను. నిన్న రాత్రి కూర్చుని సగం మార్చాను, చాలా హాయిగా ఉంది. కానీ ఊళ్ల లిస్టు దగ్గర ఆగిపోయింది. కొన్ని మండలాలకి వస్తోంది. వజ్రపుకొత్తూరు నొక్కితే మాత్రం బటన్ డేటా ఇన్‌వాలిడ్ అని టెలిగ్రామ్ తిప్పికొడుతోంది. లిస్టుని బటన్లుగా చూపించే సెలెక్ట్‌లో ఐటమ్ ఐడీగా మండలం పేరూ ఊరి పేరూ మధ్య గీత పెట్టి ఇచ్చాను, తెలుగులోనే.

చీపురుపల్లి_పైథాన్
2015లో బాట్ ఏపీఐ వచ్చినప్పటి నుంచి బాట్లు రాస్తున్నాను, చాలా చూశాను. బటన్ డేటాకి హద్దు 64. మీరిచ్చింది "వజ్రపుకొత్తూరు|అక్కుపల్లి" అనుకుందాం. పైథాన్‌లో లెన్ (పొడవు లెక్కపెట్టే ఫంక్షన్) కొట్టండి, 25 వస్తుంది. కాబట్టి సైజు సమస్య కాదు. ఆ నిలువు గీత తీసేసి చూడండి, లేదా లైబ్రరీ మార్చండి. ఇలాంటి పొరల మీద పొరలు వేసే లైబ్రరీలతో వచ్చే తలనొప్పే ఇది.

వంశధార_రేవు
హద్దు 64 అక్షరాలు కాదండీ, 64 బైట్లు. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తు యూటీఎఫ్-8లో (గుర్తుల్ని బైట్లుగా మార్చే పద్ధతి) 3 బైట్లు తింటుంది. గుణింతం వేరు, పొల్లు వేరు, ఒత్తు కింద అక్షరం వేరు. వజ్రపుకొత్తూరు 14 గుర్తులు, అంటే 42 బైట్లు. అక్కుపల్లి 10 గుర్తులు, 30 బైట్లు. గీతతో కలిపి 73. ఎన్‌కోడ్ చేసి లెన్ కొడితే అదే కనబడుతుంది. పైగా డైలాగ్ తన సొంత గుర్తునీ విడ్జెట్ ఐడీనీ కూడా ఆ డేటాలోనే పెడుతుంది, కాబట్టి 64 మొత్తం మీకు దక్కవు.

చీపురుపల్లి_పైథాన్
నేను తెలుగు బటన్లతో ఎన్నో బాట్లు చేశాను. ఎప్పుడూ రాలేదు. బటన్ మీద ఇంకా పొడుగు పేర్లే ఉన్నాయి.

వంశధార_రేవు
బటన్ మీద కనబడే పేరు వేరు, నొక్కితే తిరిగొచ్చే డేటా వేరు. ఆ హద్దు రెండోదానికి. మీ బాట్లలో డేటా ఇంగ్లీషులో ఉండుంటుంది, అందుకే రాలేదు. అనుభవం ఉన్నవాళ్లు గట్టిగా చెప్తే కొత్తవాళ్లు నమ్మేస్తారు సార్. పాపం ఆయన లైబ్రరీయే మార్చేసుకునేవాడు.

చీపురుపల్లి_పైథాన్
పాపం గీపం అనకండి, పద్ధతిగా మాట్లాడండి. ఇప్పుడే ఎన్‌కోడ్ చేసి చూశాను, 73 నిజమే. కానీ పొరలు పెరిగితే ఎర్రర్ ఎక్కడ పుట్టిందో వెతకడం కష్టమన్న నా మాట మీద నేనుంటాను.

నాగావళి_ఒడ్డు
ఇద్దరూ ఆపండి. పలాస అన్నా, ఐడీకి నంబర్ ఇవ్వండి, పేరు డేటాబేస్‌లో ఉండనీండి. ఆ నంబర్ లిస్టులో ఎన్నోదో అన్నది మాత్రం కాకూడదు. మధ్యలో కొత్త ఊరు చేరిస్తే కింది నంబర్లన్నీ జరిగిపోతాయి, జనం పాత మెసేజ్‌లో మందస నొక్కితే సోంపేట ధర వస్తుంది. కేంద్రం వాళ్ల లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి ఊరికీ కోడ్ ఉంటుంది, అది తీసుకోండి. మండలాలు 30 ఉంటాయి కాబట్టి స్క్రోలింగ్‌గ్రూప్‌లో పెట్టండి, పేజీలు అదే వేస్తుంది.

వీరఘట్టం_అరటి
30 ఏమిటి, 38 కదా శ్రీకాకుళం మండలాలు? మా వీరఘట్టం ఎక్కడికి పోయింది?

రాజాం_కుర్రోడు
2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడే పోయిందండి. మా రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరం జిల్లాకి. మీ వీరఘట్టం, పాలకొండ, సీతంపేట, భామిని పార్వతీపురం మన్యానికి. ఎనిమిది తీసేస్తే 30.

వీరఘట్టం_అరటి
అది నాకూ తెలుసు. బాట్‌లో మాత్రం పాత జిల్లా కిందే వెతుకుతారు మావాళ్లు. ఇప్పటికీ శ్రీకాకుళం అనే చెప్పుకుంటాం. సిక్కోలు మెనూలో మా ఊరు కనబడకపోతే బాట్‌లో లేదనుకుని మూసేస్తారు. ఒక ఊరు రెండు మెనూల్లోంచీ దొరికేలా పెట్టండి. ఎవరి కోసం రాస్తున్నారో వాళ్ల నోట్లో ఉన్న పేరు ముఖ్యం.

రాజాం_కుర్రోడు
ఇది ఒప్పుకుంటాను. గెట్టర్‌లో రెండు చోట్ల అదే ఐడీ ఇస్తే చాలు, విండో మార్చక్కర్లేదు.

టెక్కలి_రైతుబిడ్డ
అంతా బాగుంది గానీ, మా నాన్న ఫోన్లో టెలిగ్రామే లేదు. ఊళ్లో అందరిదీ వాట్సాప్. ప్రభుత్వ సేవల మన మిత్ర కూడా వాట్సాప్‌లోనే, 2025 జనవరిలో 161 సేవలతో మొదలైంది, సర్టిఫికెట్ల కోసం మావాళ్లు అందులోకే వెళ్తున్నారు. పిక్కలు అమ్మే రైతుకి కొత్త యాప్ ఎక్కించమంటే ఎవడెక్కిస్తాడు? మీరు 64 బైట్ల మీద కొట్టుకుంటున్నారు, రైతు ఎక్కడున్నాడో అడగట్లేదు.

చీపురుపల్లి_పైథాన్
వాట్సాప్ బిజినెస్‌లో ఒక మెసేజ్‌కి మూడే రిప్లై బటన్లు, ఒక్కో దాని మీద 20 అక్షరాలు. లిస్టు పెడితే పది వరసలు. 30 మండలాలు ఎక్కడ పెడతారు? రైతు మెసేజ్ పెట్టిన 24 గంటల తర్వాత మీరుగా ఏదైనా పంపాలంటే ముందే ఆమోదం పొందిన టెంప్లేటే పంపాలి. పొద్దున్నే ధరల కబురు పంపడానికి డబ్బులు పెట్టుకోవాలి. ఒక్కడే చేసుకునే పనికి టెలిగ్రామ్ ఉచితం.

టెక్కలి_రైతుబిడ్డ
ఉచితమే, చూసేవాడు లేకపోతే ఏం లాభం? తిత్లీ తుపాను అప్పుడు 2018లో మా కొబ్బరిచెట్లు, జీడితోటలు పడిపోయినప్పుడు ఎవరికి ఏ కబురు అందిందో చూసినవాణ్ణి. జనం దగ్గర ఉన్నదాని మీదే కబురు అందాలి.

పలాస_జీడిపిక్క
తమ్ముడూ, నీ మాట కాదనను. మా ఊరి కుర్రాళ్లు కొంతమంది టెలిగ్రామ్ వాడుతున్నారు, వాళ్ల చేత ఇంట్లో పెద్దవాళ్లకి చూపించాలని నా ఆలోచన. ధరల డేటా విడిగా పెడుతున్నాను, రేపు వాట్సాప్‌కి వెళ్లినా అది అలాగే ఉంటుంది.

బొబ్బిలి_కోట
ఇన్ని మెనూలెందుకండీ ఈ రోజుల్లో? స్టాన్‌ఫర్డ్ వాళ్ల డీఎస్‌పై అని ఏఐ భాషా మోడళ్లతో పని చేయించే లైబ్రరీ ఉంది, అదీ డిక్లరేటివే. ఏది ఇస్తాం, ఏది కావాలి అని సిగ్నేచర్ రాస్తే ప్రాంప్ట్ అదే కూర్చుకుంటుంది. రైతు తన మాటల్లో అడుగుతాడు, మోడల్ జవాబిస్తుంది.

నాగావళి_ఒడ్డు
అడిగింది ఏ ఊరు, ఏ సరుకు అని పట్టుకోవడానికి వాడితే మంచిదే. ధర మాత్రం డేటాబేస్ లోంచే రావాలి. మోడల్ ఊహించి చెప్పిన అంకె పట్టుకుని రైతు బండి కట్టాడంటే డీజిల్ ఖర్చు ఎవరిస్తారు?

వంశధార_రేవు
ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. గెట్టర్ విండో చూపించిన ప్రతిసారీ నడుస్తుంది. అందులో రిక్వెస్ట్స్ లైబ్రరీతో వేరే సైట్ నుంచి ధరలు తెస్తే, అది వచ్చేదాకా బాట్ వాడుతున్న అందరికీ ఆగిపోతుంది. ఎసింక్ లైబ్రరీ (జవాబు కోసం మిగతా పనుల్ని ఆపనిది) వాడండి, లేదా పక్కన ఒక పని పెట్టి కాసేపటికోసారి తెచ్చి దాచండి, గెట్టర్ అక్కణ్ణుంచి చదువుకుంటుంది.

పలాస_జీడిపిక్క
ఐడీలు మార్చాక వజ్రపుకొత్తూరు వచ్చేసింది. వంశధార గారికి ధన్యవాదాలు. కరెంటు సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద నడపొచ్చా?

నాగావళి_ఒడ్డు
నడపొచ్చు. లాంగ్ పోలింగ్ (బాటే టెలిగ్రామ్‌ని అడిగి తెచ్చుకునే పద్ధతి) పెట్టుకుంటే బయటి ఐపీ, హెచ్‌టీటీపీఎస్ ఏమీ అక్కర్లేదు. కరెంటు పోయినప్పుడు జనం నొక్కినవి టెలిగ్రామ్ దగ్గర 24 గంటల దాకా ఉంటాయి, లేచాక వచ్చేస్తాయి. అదే టోకెన్‌తో (బాట్‌కి టెలిగ్రామ్ ఇచ్చే రహస్య కోడ్) ఇంకో చోట కూడా నడుపుతుంటే మాత్రం 409 కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. టెస్టింగ్‌కి వేరే బాట్ చేసుకుని వేరే టోకెన్ తీసుకోండి.

పలాస_జీడిపిక్క
సరే. ఇక ధర ఎక్కించే చోట టైపు చేయించే టెక్స్ట్‌ఇన్‌పుట్ పెట్టాను, టైప్ ఇంట్ (పూర్ణ సంఖ్య) ఇచ్చాను. ఒక పెద్దాయన తెలుగు అంకెల్లో కొడతానంటున్నారు. పనిచేస్తుందా?

గజపతినగరం_మాష్టారు
పనిచేస్తుంది. పైథాన్ ఇంట్ ౧౨౦౦౦ని నేరుగా 12000గా తీసుకుంటుంది. "12000 రూపాయలు" అని కొడితే ఆగుతుంది, దానికి ఆన్_ఎర్రర్‌లో అంకె మాత్రమే కొట్టమని తెలుగులో చెప్పండి. ఊరి పేరు కూడా టైపు చేయనిస్తే ముందు యూనికోడ్ నార్మలైజ్ చేయండి. ఐత్వం కొన్ని ఫోన్ల నుంచి ఒక గుర్తుగా, కొన్నిటి నుంచి రెండు గుర్తులుగా వస్తుంది. కంటికి ఒకటే, పోలిస్తే కలవవు.