డేటా కంప్లయన్స్ ప్రాజెక్టు: పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలి?

అడ్డగీత:
మా కంపెనీలో సుమారు 400 మంది పనిచేస్తాం. యూరప్‌లో కస్టమర్లున్నారు కాబట్టి జీడీపీఆర్, అంటే వ్యక్తిగత డేటా రక్షణకు యూరోపియన్ యూనియన్ పెట్టిన చట్టం, మాకూ వర్తిస్తుంది. దాన్ని పాటించడానికి ఏడాది కిందట కంప్లయన్స్ ప్రాజెక్టు మొదలుపెట్టాం. ఏ డేటా ఎక్కడుందో జాబితా రాశాం, ప్రైవసీ పాలసీ మార్చాం, అందరికీ గంటసేపు ట్రైనింగ్ ఇచ్చాం. ఆ తర్వాత బండి కదల్లేదు. పాత డేటా తీసేయాలనే మాట వచ్చిన ప్రతిసారీ మీటింగ్ వాయిదా పడుతోంది. ఇప్పుడు పైవాళ్లు మా డీపీఓని, అంటే డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్‌ని, ప్రాజెక్టు హెడ్‌గా పెడతామంటున్నారు. ఐటీయే నడపాలని నా పట్టు. మీ అనుభవం చెప్పండి.

లాపాయింట్:
ఐటీ చేతికిస్తే అది సాఫ్ట్‌వేర్ కొనే ప్రాజెక్టు అయిపోతుంది. రెండు చోట్ల చూశాను. టూల్ వచ్చింది, డ్యాష్‌బోర్డు పచ్చగా వెలిగింది, "అసలీ ఫోన్ నంబరు ఎందుకు తీసుకుంటున్నాం?" అని మాత్రం ఎవరూ అడగలేదు. అనుమతి మీద తీసుకుంటున్నామా, ఒప్పందం కోసమా, చట్టం అడిగిందనా? ఇది తేలకుండా మిగతాదంతా అలంకారమే. తేల్చాల్సింది లీగల్. జరిమానా 2 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవర్‌లో 4 శాతం, ఏది ఎక్కువైతే అంతదాకా పడొచ్చని మరచిపోకండి.

బ్యాకప్ బాబాయ్:
లాపాయింట్ గారూ, మీ ఎత్తిపొడుపు సగం ఒప్పుకుంటాను. నేను ఐటీవాణ్ణే, ఇలాంటి ప్రాజెక్టు నడిపి చేతులు కాల్చుకున్నవాణ్ణి.

ఒక కస్టమర్ తన వివరాలన్నీ తీసేయమన్నాడు. అలాంటి విన్నపానికి మామూలుగా నెలలోగా జవాబివ్వాలి. మేం వారంలోనే మెయిన్ డేటాబేస్‌లో తీసేసి, "తీసేశాం" అని మెయిల్ పెట్టి మురిసిపోయాం. రెండు నెలలకు అతనికి మా ఆఫర్ మెయిల్ వెళ్లింది. ఎక్కణ్ణుంచి? మార్కెటింగ్‌లో ఒకాయన ఎప్పుడో ఎక్సెల్‌లోకి దించుకుని ల్యాప్‌టాప్‌లో ఉంచుకున్న లిస్టు నుంచి. అది సరిచేశాం. ఇంకొన్నాళ్లకు సర్వర్ పడిపోతే పాత బ్యాకప్ ఎక్కించాం. తీసేసిన జనమంతా బతికొచ్చారు! అప్పట్నుంచి, తీసేసినవాళ్ల ఐడీ నంబర్లు మాత్రమే ఓ చిన్న పట్టికలో విడిగా ఉంచి, బ్యాకప్ ఎక్కించిన ప్రతిసారీ దాని ప్రకారం మళ్లీ తుడుస్తున్నాం. టెస్ట్ సర్వర్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అక్కడ అసలు కస్టమర్ల పేర్లతోనే డెవలపర్ల ప్రయోగాలు.

ఇవన్నీ ఐటీ చేయగల పనులే. చేయలేనిది ఒకటుంది. "2011 నాటి ఈ ఆర్డర్ల టేబుల్ తీసేయాలా?" అని అడిగితే అకౌంట్స్ సేల్స్‌ని చూపిస్తుంది, సేల్స్ లీగల్‌ని చూపిస్తుంది, లీగల్ "పరిశీలిస్తాం" అంటుంది. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే. ఏది చెత్తో ఏది అవసరమో సర్వర్ చూసుకునేవాడికి ఎలా తెలుస్తుంది?

మాజీ డీపీఓ:
అడ్డగీత గారూ, డీపీఓని హెడ్‌గా పెట్టడం మాత్రం వద్దు. సలహా ఇవ్వడం, పని సరిగ్గా జరుగుతోందా అని చూడడం డీపీఓ బాధ్యత. ప్రాజెక్టు కూడా ఆయనే నడిపితే తన పరీక్ష పేపర్ తనే దిద్దుకున్నట్టు. 2020లో బెల్జియం డేటా రక్షణ సంస్థ ప్రాక్సిమస్ అనే టెలికాం కంపెనీకి 50,000 యూరోల జరిమానా వేసింది. అక్కడ డీపీఓగా ఉన్నవారే కంప్లయన్స్, రిస్క్, ఆడిట్‌లకూ అధిపతి. మొత్తం చిన్నదే. కానీ మీ పైవాళ్లు చేయబోతున్నదీ దాదాపు అదే.

లాపాయింట్:
"దాదాపు" దగ్గరే ఆగండి. డీపీఓ వేరే పనులు కూడా చేయొచ్చని జీడీపీఆర్ 38వ అధికరణమే చెబుతోంది. ఆ పనులకూ డీపీఓ బాధ్యతకూ పొంతన చెడకూడదు, అంతే. షెడ్యూలు చూడడం, మీటింగులు పిలవడం వల్ల ఏం చెడుతుంది?

మాజీ డీపీఓ:
షెడ్యూలు వరకైతే ఏమీ చెడదు. ఏ డేటా ఎందుకు, ఎలా వాడాలో ఆయనే నిర్ణయించే రోజున చెడుతుంది. 2023 ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం గీత గీసింది అక్కడే. హెడ్‌ని చేశాక ఆ నిర్ణయాలు ఆయన టేబుల్ మీదికి రాకుండా ఉంటాయా? నా దగ్గరికి మొదటి నెలలోనే వచ్చాయి. సంతకాలు పెట్టాను. తర్వాత నా సంతకాలను నేనే తప్పుపట్టాల్సి వచ్చింది. పేరులో "మాజీ" అలా వచ్చిందే.

టార్గెట్ గోల:
ఎక్సెల్ లిస్టు ఉంచుకున్న ఆ "ఒకాయన" తరఫున మాట్లాడతాను, నేనూ మార్కెటింగే. మా దగ్గర అనుమతి లేని కాంటాక్టులన్నీ ఒక్క రాత్రిలో తీసేశారు. సగానికి పైగా లిస్టు పోయింది. నెల టార్గెట్ మాత్రం పాతదే. ఆ టెన్షన్‌లో ఎవరైనా ఓ కాపీ పక్కన దాచుకుంటారు, తప్పని తెలిసినా. బాబాయ్ గారి పల్లకీ మాట నిజం. డేటాకి ఓనర్ దాన్ని వాడుకునే విభాగమే, తీసేయమని సంతకం మా హెడ్డే పెట్టాలి. కానీ టార్గెట్ తగ్గించగల మనిషి ఆ మీటింగ్‌లో లేకపోతే సంతకం పడదు. ఐటీనా, లీగలా అని కొట్టుకుంటున్నారు గానీ ఈ మాట ఒక్కరూ ఎత్తలేదు.

మాజీ డీపీఓ:
ఎత్తాల్సిందే. ఉంచుకున్నందుకు కూడా జరిమానా పడుతుందని మీ హెడ్‌కి చెప్పండి. 2019లో బెర్లిన్ అధికారులు డాయిష్ వోనెన్ అనే ఇళ్ల అద్దె కంపెనీకి 1.45 కోట్ల యూరోల జరిమానా వేశారు. హ్యాకింగ్ జరిగి కాదు. అద్దెకుండేవాళ్ల పాత వివరాలు దాచిన ఆర్కైవ్‌లో తీసేసే వీలే లేదని. 2017 తనిఖీలోనే చెప్పినా సరిచేయలేదని. ఆ కేసు తర్వాత కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగింది లెండి, అది వేరే కథ.

అడ్డగీత:
ఐటీ పట్టు వదిలేస్తున్నాను, పూర్తిగా కాదు. వచ్చే మీటింగ్‌లో ఇలా అడుగుతాను: టార్గెట్లు మార్చగల సీఓఓ, అంటే చీఫ్ ఆపరేటింగ్ ఆఫీసర్, పేరు మీద ప్రాజెక్టు ఉండాలి, రోజువారీ పని నేను చూస్తాను. ఎన్నాళ్లుంచాలో లీగల్ రాసివ్వాలి, తీసేయడానికి సంతకం ఆ విభాగం హెడ్‌ది. డీపీఓ పక్కనుండి మా తప్పులు పట్టాలి.

ఒక చిక్కు మిగిలింది. షేర్డ్ డ్రైవ్‌లో ఓ పెద్ద ఫోల్డర్ ఉంది. పెట్టినాయన ఉద్యోగం మానేసి చాలా కాలమైంది, ఏ విభాగమూ నాది అనదు. దానికి సంతకం ఎవరిది?

బ్యాకప్ బాబాయ్:
అందరికీ యాక్సెస్ తీసేసి ఓ నెల ఆగండి. ఎవరు ఫోన్ చేసి అరుస్తారో వాళ్లే ఓనర్.

లాపాయింట్:
నెల చాలదు బాబాయ్ గారూ. ఏడాదికోసారి, ఆడిట్ టైమ్‌లో మాత్రమే తెరిచే ఫైళ్లుంటాయి. ఎవరూ అరవకపోయినా మాకు చూపించకుండా తీసేయకండి.

బ్యాకప్ బాబాయ్:
చూపిస్తాం. "పరిశీలిస్తాం" అనకుండా తేదీ ఇవ్వండి మరి.