భూకంప హెచ్చరిక యాప్: వాడేవాళ్లను ఎప్పుడు అడగాలి?

ప్రశ్న: భూకంప హెచ్చరిక యాప్‌కి స్క్రీన్లు డిజైన్ చేస్తున్నాను. తీవ్రత, దూరం, మ్యాపు అన్నీ పెట్టాం. పూర్తయ్యాక జనానికి చూపిద్దామంటారు మా టీమ్ లీడ్. ముందే కూర్చోబెట్టి అడగాలని నా గొడవ. మీరేమంటారు?

జవాబు 1: ముందే అడగండి. నేను ఆపరేషన్ థియేటర్ నర్సుని. ఆ టెన్షన్‌లో మ్యాపు ఎవరు చూస్తారండీ? చేతులకు గ్లవ్స్, ఫోన్ బయట లాకర్‌లో. గోడమీది స్పీకర్ "పది సెకన్లలో ఊగుతుంది" అంటే చాలు, సర్జన్ కత్తి పక్కన పెట్టేస్తారు.

జవాబు 2: ఆ పది సెకన్లూ అందరికీ దొరకవు. ముందొచ్చే పి తరంగాన్ని పట్టుకుని, గట్టిగా ఊపే ఎస్ తరంగం చేరేలోపు చెప్పాలి. భూకంప కేంద్రానికి దగ్గరున్నవాళ్లకి టైమే మిగలదు. 2017 సెప్టెంబర్ 19న మెక్సికో సిటీలో పొద్దున డ్రిల్ అయింది. రెండు గంటలు దాటగానే నిజం భూకంపం. చాలాచోట్ల సైరన్, ఊపు దాదాపు ఒకేసారి వచ్చాయి. కాబట్టి హెచ్చరిక రాకుండానే ఊగితే ఏం చేస్తారో కూడా అడగండి.

జవాబు 3: నాకు వినపడదు. ఎంత పెద్ద సైరనైనా నాకు లేనట్టే. రాత్రి నిద్రలో ఉంటే? దిండు కింద వైబ్రేటర్, మెరిసే లైటు పెట్టారా?

ప్రశ్న అడిగినవారు: లైటు మా లిస్టులోనే లేదు! సోమవారం మీటింగ్‌కి ఈ జవాబులన్నీ ప్రింట్ తీసుకెళ్తున్నా.