చెల్లికి రేడియోగ్రఫీ: ఊరి దగ్గర రెండేళ్ల డిప్లొమానా, నాలుగేళ్ల బీఎస్సీనా?

లంక_అన్న
అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర లంక గ్రామం. చెల్లి ఇంటర్ బైపీసీ పాసైంది, నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు. ఎక్స్‌రే, స్కానింగ్ లైన్లోకి వెళ్తానంటోంది. పారామెడికల్ బోర్డు వాళ్ల డీఎంఐటీ (మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ) అయితే రెండేళ్ల డిప్లొమా. పాలకొల్లు వైపు ఒక కాలేజీ చూశాం, చించినాడ వంతెన మీదుగా రోజూ బస్సులో వెళ్లి రావచ్చు. హెల్త్ యూనివర్సిటీ బీఎస్సీ అయితే ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. కాకినాడో విశాఖో పంపి హాస్టల్లో పెట్టాలి. నాన్న డిప్లొమా అంటున్నారు, చెల్లి బీఎస్సీ అంటోంది. ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి.

తణుకు_99
నర్సింగ్ చేయించు బ్రో. డిమాండ్ ఎక్కువ.

డార్క్‌రూం_పాలకొల్లు
తమ్ముడూ, రెండేళ్లు చాలు. అసలు ఈ పని మిషన్ దగ్గర వస్తుంది గానీ తరగతి గదిలో రాదు. నేను ఫిల్ము రోజుల నుంచి నర్సింగ్ హోముల్లో ఎక్స్‌రేలు తీస్తున్నాను. ఎర్ర బల్బు కింద ఫిల్ముని డెవలపర్లో ముంచి, కడిగి, ఫిక్సర్లో వేసి, తడి ఆరకుండానే హ్యాంగర్‌తో సహా డాక్టరు గారి దగ్గరికి పట్టుకెళ్లేవాళ్లం. ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిల్ము నల్లగా మాడిపోయేది, తక్కువైతే తెల్లగా తేలిపోయేది. పాడైన ప్రతి ఫిల్ముకీ యజమాని లెక్క అడిగేవాడు. ఆ భయంతోనే మనిషి తలుపు దాటి లోపలికి వస్తుండగానే ఎంత కేవీ (ఎక్స్‌రే చొచ్చుకుపోయే బలం) పెట్టాలి, ఎంత ఎంఏఎస్ (ఎక్స్‌రే మోతాదు) పెట్టాలి అన్నది చేతికి వచ్చేసింది. ఇప్పుడంతా డిజిటల్, పని ఇంకా తేలిక. దానికి నాలుగేళ్ల హాస్టల్ ఫీజులు ఎందుకు తగలెయ్యాలి?

కాకినాడ_సీటీ
డార్క్‌రూం గారూ, డిజిటల్ వచ్చాకే చదువు అవసరం ఎక్కువైందండి. ఫిల్ములో డోసు ఎక్కువైతే తప్పు కళ్ల ముందు నల్లగా కనబడేది. డిజిటల్లో కనబడదు. రెట్టింపు డోసు ఇచ్చినా కంప్యూటర్ సర్దేసి చక్కటి ఇమేజ్ చూపిస్తుంది. తక్కువ ఇస్తే మాత్రం బొమ్మ ఇసక చల్లినట్టు వస్తుంది, డాక్టరు కేకలేస్తాడు. దాంతో ఆపరేటర్లు ఎందుకొచ్చిన గొడవని డోసు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతారు. అదంతా పేషెంటు ఒంట్లోకే కదా వెళ్లేది! స్క్రీన్ మీద ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అని ఒక నంబరు వస్తుంది. దాని అర్థం తెలిసి చూసేవాళ్లు మన సెంటర్లలో ఎంతమంది? సీటీలో కాంట్రాస్ట్ మందు ఎక్కించే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎందుకు చూస్తారు, ఎమ్మారై గదిలోకి మామూలు ఆక్సిజన్ సిలిండర్ ఎందుకు పోనివ్వకూడదు, ఇవన్నీ రెండేళ్లలో ఒంటబట్టవు. బీఎస్సీయే చేయించండి.

డార్క్‌రూం_పాలకొల్లు
రెండేళ్లు చాలని నేను కాదు, పార్లమెంటే చెప్పింది. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం తీసి చూడండి. డిప్లొమా ఉన్నా సరే, కనీసం 2000 గంటలు, రెండు నుంచి నాలుగేళ్లు. చట్టానికి లేని అభ్యంతరం మీకెందుకమ్మా?

కాకినాడ_సీటీ
చట్టం సగం చదివి ఆపేశారు. అది అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ సంగతి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే అదే చట్టంలో డిగ్రీ, కనీసం 3600 గంటలు, మూడు నుంచి ఆరేళ్లు అని ఉంది. రేపు ప్రమోషన్ దగ్గర ఆ తేడా తెలుస్తుంది.

డార్క్‌రూం_పాలకొల్లు
2000 గంటలు చట్టబద్ధమా కాదా? ఆ ఒక్కదానికి జవాబు చెప్పండి.

ఉండి_కుర్రాడు
ఇదంతా సరే గానీ, ఎక్స్‌రే రూంలో చేసే ఆడపిల్లలకి పిల్లలు పుట్టరంటారు కదా. సంబంధాలు వెతికేటప్పుడు ఇబ్బంది కాదా?

కాకినాడ_సీటీ
ఆ మాట ఎవరన్నా సరే తప్పు. నాకు ఇద్దరు పిల్లలు. బటన్ నొక్కినప్పుడు సెకనులో కొంత భాగం మాత్రమే ఎక్స్‌రే వస్తుంది, ఆపాక గదిలో ఏమీ మిగలదు. మేం సీసం అద్దం వెనక నిలబడతాం. దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతుకి పడిపోతుంది. ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటాం, లెడ్ ఏప్రాన్ వేసుకుంటే దాని లోపల. మూడు నెలలకోసారి దాన్ని పంపిస్తే ఎంత డోసు పడిందో లెక్క వస్తుంది. అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (డోసు కొలిచే యూనిట్), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. గర్భం సంగతి చెప్పాక, కాన్పు అయ్యేదాకా కడుపులో బిడ్డకి 1 మిల్లీసీవర్ట్ దాటకుండా డ్యూటీ మార్చాలి. భయపడాల్సింది ఎక్కడంటే బ్యాడ్జీ ఇవ్వని చోట, తలుపు వేయకుండా ఎక్స్‌రే తీసే చోట.

మండపేట_ఒహాయో
నేను ఇక్కడ అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో రేడియోగ్రఫీ చేశానండి. మండపేటలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి వచ్చినా, ఇక్కడ మళ్లీ మొదటి నుంచే. ముందు అనాటమీ, లెక్కల కోర్సులు పూర్తి చేయాలి, ఆ తర్వాత రెండేళ్లు. అసోసియేట్ డిగ్రీ వస్తుంది. ఆఖర్న ఏఆర్‌ఆర్‌టీ (ఇక్కడ టెక్నాలజిస్టులకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) పరీక్ష, పాస్ స్కోరు 75. 2015 నుంచి ఆ పరీక్ష రాయాలంటే కనీసం అసోసియేట్ డిగ్రీ ఉండాలి. పాసయ్యాక కూడా రెండేళ్లకోసారి 24 క్రెడిట్లు కొత్తగా చదువుకున్నట్టు చూపిస్తేనే సర్టిఫికెట్ నిలబడుతుంది.

కోర్సులో దాదాపు సగం రోజులు ఆసుపత్రిలోనే. ఛాతీ, మణికట్టు, మోకాలు, తుంటి, ఏ పరీక్షకి ఆ పరీక్ష నిజమైన పేషెంటు మీద చేసి చూపించి సంతకం పెట్టించుకోవాలి. ఒక నియమం నాకు బాగా నచ్చింది. విద్యార్థి తీసిన ఇమేజ్ చెడి మళ్లీ తీయాల్సి వస్తే, సర్టిఫికెట్ ఉన్న టెక్నాలజిస్టు పక్కన నిలబడి చూడాల్సిందే. అప్పటికి ఎన్ని పరీక్షల్లో సంతకం వచ్చినా సరే. ఎందుకంటే పేషెంటుకి రెండోసారి డోసు పడుతోంది కాబట్టి. లంక_అన్న గారూ, మీరు చూసిన కాలేజీకి ఆసుపత్రి ఉందా? పిల్లలు చేత్తో పని చేస్తారా, చూసి వస్తారా? నేనైతే ముందు అది అడుగుతాను.

డార్క్‌రూం_పాలకొల్లు
చూశారా, అమెరికాలోనే రెండేళ్లు.

కాకినాడ_సీటీ
ఆవిడ రాసిందంతా వదిలేసి రెండేళ్లన్న మాట పట్టుకున్నారు.

భీమవరం_చెరువు
మండపేట అమ్మాయి అడిగిన ప్రశ్న నేను ఆరోజు అడగలేదు. రొయ్యలకి వైట్‌స్పాట్ తగిలి చెరువు పోయిన ఏడాదే అప్పు చేసి మావాణ్ణి డిప్లొమాలో వేశాను. కాలేజీ అంటే షాపుల మీద అద్దెకి తీసుకున్న ఒక అంతస్తు. ఎక్స్‌రే మిషన్ లేదు. గోడకి అస్థిపంజరం చార్టు ఉంది, అంతే. ప్రాక్టికల్స్ ఆసుపత్రిలో అన్నారు. అక్కడికెళ్తే మావాడి చేత పేషెంట్ల పేర్లు రాయించారు, స్ట్రెచర్లు తోయించారు. సర్టిఫికెట్ అయితే వచ్చింది. మొదటి ఉద్యోగంలో ఛాతీ ఎక్స్‌రే తియ్యమంటే భుజాలు ముందుకి తిప్పించాలని కూడా తెలీదు వాడికి. ఊపిరితిత్తుల మీద రెక్క ఎముకలు పడి ఫిల్ము పనికిరాకుండా పోయిందని ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు. ఇప్పుడు మెడికల్ షాపులో చేస్తున్నాడు.

తణుకు_99
అందుకే చెప్పా, నర్సింగ్.

కాకినాడ_సీటీ
చెరువు గారూ, చాలా బాధగా ఉందండి. ఇలాంటివి చూసే నేను బీఎస్సీ అంటున్నాను. ఇక అసలు ఏ చదువూ లేకుండా మిషన్ దగ్గరే నేర్చుకున్నాం అనేవాళ్ల సంగతి కూడా చెప్తాను. కొబ్బరికాయల దింపు తీస్తూ చెట్టు మీంచి పడ్డ మనిషిని మా దగ్గరికి తెచ్చారు. అంతకుముందే ఒక చిన్న సెంటర్లో నడుము సైడ్ వ్యూ కోసం ఆయన్ని పక్కకి దొర్లించేశారు. వెన్నెముక విరిగిందని అనుమానం ఉంటే మనిషిని కదపకూడదు. వెల్లకిలా పడుకున్నవాడిని అలాగే ఉంచి, ట్యూబ్‌ని అడ్డంగా తిప్పి, క్యాసెట్ పక్కన నిలబెట్టి తీయాలి. దొర్లించినవాడు అనుభవం చాలా ఉన్న మనిషేనట.

డార్క్‌రూం_పాలకొల్లు
ఆ మాట నన్ను అన్నారు. అనండి, పడతాను. కానీ ట్యూబ్ అడ్డంగా తిప్పడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. దింపు మనుషులు, మేస్త్రీలు, బండి మీంచి పడ్డ కుర్రాళ్లు, రాత్రి ఏ వేళకొచ్చినా మా టేబుల్ మీదకే వస్తారు. బోర్లా వచ్చినవాణ్ణి నలుగురం పట్టి ఒక్క దుంగలా తిప్పుతాం, మెడ నేను పట్టుకుంటాను.

దాచడం ఎందుకు, నాకు డిప్లొమా లేదు. మా సెంటర్ గోడకి ఫ్రేము కట్టి ఉన్న సర్టిఫికెట్ వేరే అబ్బాయిది. నెలకోసారి వచ్చి కవరు తీసుకుపోతాడు. ఇన్‌స్పెక్షన్ అని తెలిస్తే అతనికి ఫోను వెళ్తుంది, ఆ పూట తెల్లకోటు వేసుకుని నా కుర్చీలో కూర్చుంటాడు. నేను బయట బెంచీ మీద పేషెంట్లతో పాటు కూర్చుంటాను. ఆ అబ్బాయి చదివింది ఏంటో తెలుసా? బీఎస్సీ. నాలుగేళ్లు. ఆ నాలుగేళ్ల చదువు మా ఊళ్లో ఒక్క ఎక్స్‌రే తియ్యలేదు. ఇప్పుడు చెప్పండి.

ఉండి_కుర్రాడు
బాబాయ్, ఇది బయట పెట్టకుండా ఉండాల్సింది.

కాకినాడ_సీటీ
నన్ను కూడా అడిగారండి. చదువైపోయిన కొత్తలో ఇద్దరు వేర్వేరు సెంటర్ల వాళ్లు సర్టిఫికెట్ గోడకి పెట్టుకుంటాం, రానక్కర్లేదు, నెలనెలా పంపిస్తాం అన్నారు. ఇవ్వలేదు. ఇవ్వనందుకు నాకు ఒరిగింది ఏంటంటే, ఇప్పటికీ నా జీతం మా దగ్గర చేరిన డిప్లొమా కుర్రాడి జీతంతో సమానం. ఎందుకు పెంచాలి అంటారు మేనేజ్‌మెంట్ వాళ్లు. ఊళ్లలో మీలాంటివాళ్లు ఇంకా తక్కువకి చేస్తున్నారు కదా అని మొహం మీదే అన్నారు. నాకు కోపం అక్కడ వస్తుంది. మీ చేతిలో పని ఉండొచ్చు. కానీ కాగితం లేకుండా మీరు పనిచేసినన్నాళ్లూ కాగితం సంపాదించుకున్న మాకు విలువ రాదు.

డార్క్‌రూం_పాలకొల్లు
నేను చేరినప్పుడు ఈ చుట్టుపక్కల కాలేజీ లేదు. మా నాన్న కౌలు రైతు. మానెయ్యమంటారా ఇప్పుడు, ఈ వయసులో?

కాకినాడ_సీటీ
మిమ్మల్ని మానెయ్యమనలేదు. పద్దెనిమిదేళ్ల పిల్లని అదే దారిలోకి పిలవొద్దు అంటున్నాను.

మండపేట_ఒహాయో
ఇద్దరి కష్టం మీదా మిగిలేది ఆ సెంటర్ల యజమానులకే కదండీ. వాళ్లని ఎవరూ ఏమీ అనడం లేదు.

డార్క్‌రూం_పాలకొల్లు
దూరం నుంచి ఆ మాట తేలిక. ఆయన జీతం ఇస్తేనే నా ఇల్లు గడిచింది.

లంక_అన్న
నేను చెల్లినండి, అన్నయ్య ఫోన్లోంచి రాస్తున్నాను. మొత్తం చదివాను. నాన్న డిప్లొమా అంటోంది డబ్బు కోసం కాదు, హాస్టల్ వద్దని. నాకేమో ఆగస్టులో గోదారి వస్తే భయం. కాజ్‌వే మునిగితే మా లంక నుంచి పడవ మీద రేవుకొచ్చి బస్సెక్కాలి, వరద ఉన్నన్ని రోజులూ కాలేజీ పోతుంది. సోమవారం ఆ కాలేజీకి వెళ్తున్నాం. ఏం అడగాలో చెప్పండి.

కాకినాడ_సీటీ
బీఎస్సీ అన్న నా మాట మారదు. అయినా వెళ్తున్నారు కాబట్టి, కాలేజీకి పారామెడికల్ బోర్డు అనుమతి కాగితం ఈ ఏడాదిది చూపించమను. పోస్టింగ్ ఏ ఆసుపత్రిలో, వారానికి ఎన్ని రోజులు, రాసిమ్మను. ఆ ఆసుపత్రి ఎక్స్‌రే మిషన్‌కి ఏఈఆర్‌బీ లైసెన్సు ఉందో అడుగు. టీఎల్‌డీ బ్యాడ్జి సంగతి కూడా.

భీమవరం_చెరువు
సెకండియర్ పిల్లల్ని విడిగా కలువమ్మా. మాస్టారు పక్కన లేనప్పుడు మాట్లాడు.

డార్క్‌రూం_పాలకొల్లు
ఫీజు కట్టకముందే ఆ ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే రూం ముందు ఒక పూట కూర్చోమ్మా. బటన్ ఎవరు నొక్కుతున్నారో చూడు. కాలేజీ పిల్లల చేత నొక్కిస్తుంటే చేరు, రెండేళ్లు చాలు. ఎవరో నాలాంటి ముసలాయన నొక్కుతుంటే మాత్రం మీ నాన్నగారి నంబర్ నాకు మెసేజ్ చెయ్యి. హాస్టల్ గురించి ఆయనతో నేను మాట్లాడతాను.