అప్‌డేట్: ఆరు వేల పౌండ్లతో వెల్ష్ భాషా రాక్ ఆల్బమ్

ఇంగ్లీషులో పేరు తెచ్చుకున్న రాక్ బ్యాండు కేవలం వెల్ష్ భాషలో (బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతపు భాష) ఆల్బమ్ చేసి ఎలా నిలదొక్కుకోగలిగిందని నేను అడిగిన ప్రశ్నకు చాలామంది సూపర్ ఫర్రీ యానిమల్స్ బ్యాండు వారి 'ముంగ్' ఆల్బమ్ వినమన్నారు. విన్నాను, దాని గురించి దొరికినంత చదివాను కూడా.

అంతకుముందు భారీ ఖర్చుతో ఇంగ్లీషు ఆల్బమ్ చేసిన ఈ బృందం (వీరిది వేల్స్ రాజధాని కార్డిఫ్), దీనిని సుమారు 6,000 పౌండ్లతో ముగించింది. పొదుపు ఎక్కడ జరిగిందన్నదే నా అసలు సందేహం. బ్యాండుకు పాత పరిచయస్థుడైన రికార్డు నిర్మాత గోర్వెల్ ఓవెన్‌తో కలిసి, చాలా భాగం అందరూ ఒకేసారి వాయిస్తూ రికార్డు చేయడంతో, పొరలు పొరలుగా శబ్దాలు పేర్చే పని, దానికయ్యే స్టూడియో అద్దె తగ్గాయి. ఆ పద్ధతి వినగానే తెలుస్తుంది. 'దట్‌బ్లగీ' అనే మరో వెల్ష్ బృందం పాత పాటను వీరు మళ్ళీ పాడినచోట, బ్యాండు గాయకుడు గ్రఫ్ రీస్ గొంతు ఏ హంగూ లేకుండా చెవి దగ్గరే వినిపిస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చినది అదే.

ఇంతలో వారి ఆల్బమ్‌లు విడుదల చేసే సంస్థ క్రియేషన్ రికార్డ్స్ మూతపడటంతో, 2000 మే నెలలో 'ముంగ్'ను తమ సొంత రికార్డు సంస్థ (లేబుల్) ప్లాసిడ్ కాజువల్ మీద విడుదల చేసుకున్నారు. బ్రిటన్ ఆల్బమ్ చార్టులో అది 11వ స్థానానికి చేరింది. ఎంపీ ఎల్ఫిన్ లూయిడ్ పార్లమెంటులో దీనిని అభినందిస్తూ తీర్మానం కూడా ప్రతిపాదించారట! అమ్మకాలకు అది ఎంత తోడ్పడిందో గానీ, ఖర్చే అంత తక్కువైనప్పుడు నష్టభయం పెద్దగా ఉండదు కదా. నా ప్రశ్నకు జవాబు దొరికినట్టే. సూచించిన వారందరికీ కృతజ్ఞతలు.