వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేదంతా నిరోధమేనా?

దీపధారి:
12 వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) సరఫరా నుంచి 2 ఆంపియర్ల కరెంటు తీసుకునే ఫిలమెంటు బల్బు ఒకటి ఉందనుకుందాం. భాగిస్తే నిరోధం 6 ఓములు, గుణిస్తే సామర్థ్యం 24 వాట్లు. అదే బల్బును ఆర్పి, చల్లారాక మల్టీమీటరుతో కొలిస్తే అర ఓము దరిదాపుల్లో చూపిస్తుంది. వోల్టేజీ వర్గాన్ని ఈ అర ఓముతో భాగిస్తే ఏకంగా 288 వాట్లు వస్తాయి. కాబట్టి ఓమ్ నియమానికి లొంగని వస్తువుల విషయంలో ఈ భాగహారమే చెల్లదనీ, మీటరు చూపినదే అసలు నిరోధమనీ నా వాదన.

సూత్రధారి:
దీపధారి గారూ, మీరు రెండు వేర్వేరు విషయాలను ఒకే గాటన కట్టారు. వోల్టేజీకీ కరెంటుకూ ఉన్న నిష్పత్తిని నిరోధం అనడం నిర్వచనం. ఉష్ణోగ్రత మారనంతవరకు లోహపు తీగలో ఆ నిష్పత్తి స్థిరంగా ఉంటుందన్నది 1827లో జార్జ్ సైమన్ ఓమ్ ప్రచురించిన నియమం. బల్బులో నియమం కుదరలేదు కాబట్టి నిర్వచనమూ చెల్లదనడం సరికాదు. వెలిగే టంగ్‌స్టన్ తీగ ఉష్ణోగ్రత రెండు వేల డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, దాని నిరోధం చల్లగా ఉన్నప్పటికంటే పది రెట్లకు పైగా పెరుగుతుంది. మీటరు కొలిచింది చల్లని తీగను, మీరు లెక్క కట్టింది వెలుగుతున్న తీగకు. (అర ఓమును కొలిచేటప్పుడు మీటరు తీగల సొంత నిరోధాన్ని తీసివేయకపోతే ఆ అంకెనూ నమ్మలేం.)

అలాగని 288 వాట్లు పూర్తిగా కల్పితమూ కాదు. స్విచ్ వేసిన తొలి క్షణంలో కరెంటు 24 ఆంపియర్ల వైపు ఎగబాకి, తీగ వేడెక్కేకొద్దీ 2 ఆంపియర్లకు దిగుతుంది. పాతబడిన బల్బులు తరచుగా స్విచ్ వేసినప్పుడే మాడిపోవడానికి ఇదొక కారణం.

తీగచుట్ట:
బల్బు వరకు సూత్రధారి గారి మాట నిజమే గానీ, ఆ నిర్వచనాన్ని ప్రతి పరికరానికీ అతికించడం నాకు సమ్మతం కాదు. బల్బు స్థానంలో 1.5 ఓముల వైండింగ్ (లోపలి తీగ చుట్లు) ఉన్న డీసీ మోటారును పెట్టండి. తిరుగుతూ అది కూడా 2 ఆంపియర్లే తీసుకుంటే భాగహారం మళ్లీ 6 ఓములే చెబుతుంది, కానీ అంత నిరోధం ఆ మోటారులో ఎక్కడా లేదు. వైండింగ్ మీద పడేది 3 వోల్టులు మాత్రమే. మిగతా 9 వోల్టులను తిరుగుతున్న ఆర్మేచర్‌లో (మోటారులో తిరిగే భాగంలో) పుట్టే వ్యతిరేక వోల్టేజీ అడ్డుకుంటుంది. సరఫరా ఇచ్చే 24 వాట్లలో వైండింగ్ వేడిగా పోయేవి 6, యాంత్రిక శక్తిగా మారేవి 18. ఆ 18లోనే ఘర్షణ నష్టాలూ ఉంటాయి. షాఫ్టు బిగుసుకుపోతే ఆ వ్యతిరేక వోల్టేజీ మాయమై కరెంటు 8 ఆంపియర్లకు చేరుతుంది, మొత్తం 96 వాట్లూ వేడి అవుతాయి. 6 ఓములను నమ్ముకుని ఫ్యూజు ఎంచుకున్నవారు ఈ 8 ఆంపియర్లను ఊహించనే లేరు.

సూత్రధారి:
తీగచుట్ట గారూ, మోటారు విషయంలో మీతో ఏకీభవిస్తాను. శక్తి అంతా వేడిగా మారే చోటనే ఆ నిష్పత్తిని నిరోధం అనడం న్యాయం. అయితే మీ లెక్కలోనూ 24 వాట్లు చెక్కుచెదరలేదని గమనించండి. వోల్టు అంటే కూలుంబు ఆవేశానికి ఒక జౌలు శక్తి, ఆంపియరు అంటే సెకనుకు ఒక కూలుంబు. గుణిస్తే సెకనుకు జౌళ్లే, అంటే వాట్లే వస్తాయి, అందులో నిరోధం ప్రసక్తే లేదు. అందుకే డీసీలో పరికరం ఏదైనా సామర్థ్యాన్ని ముందు వోల్టేజీ, కరెంటుల లబ్ధంతోనే కట్టాలంటాను. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించే సూత్రాన్ని వేడి ఎంతో తేల్చడానికే వాడాలి, అదీ వైండింగ్ సొంత నిరోధంతో.